నేల కదలుట మన చేతిలో లేదు

గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో మేము పద్యపాఠము చెప్పుచుండగా తుపాను ప్రస్తావన వచ్చినది. అప్పుడొక విద్యార్థిని లేచి, “సార్, తుపాను వచ్చునని నాలుగు దినములు ముందుగా చెప్పుచున్నారు. గ్రహణములను నూరేండ్లకు ముందే గణించుచున్నారు. భూకంపము వచ్చునని మాత్రము ఎందుకు చెప్పలేకపోవుచున్నారు?” అని అడిగెను. మేము తెలుగు చెప్పువారమే గాని భూగర్భశాస్త్రము నెరిగినవారము కాము. ఆనాటికేదో సమాధానము చెప్పి ఆ బాలికను కూర్చుండబెట్టితిమి. కాని ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. తోడి విజ్ఞానశాస్త్రోపాధ్యాయులను అడిగియు, గ్రంథములు చూచియు తెలిసికొన్నంతవరకు ఆమెకును, తక్కిన విద్యార్థులకును ఈ పత్రికాముఖమున సమాధానము చెప్పదలచితిమి. దానితోబాటు మా అభిప్రాయమును కూడ నిర్మొగమాటముగా చెప్పుచున్నాము.

షోలాపూరు వాసులకు భూకంపము పుస్తకములలోని విషయము మాత్రమే కాదు. 1993 సెప్టెంబరు 30 వ తేదీ తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషములకు లాతూరు జిల్లాలోని కిల్లారి ప్రాంతమున భూమి కంపించినది. ఆ గ్రామము మన పట్టణమునకు ఈశాన్యముగా నూరు కిలోమీటర్ల లోపుననే యున్నది. మాకప్పుడు పండ్రెండేండ్ల వయస్సు. ముందటి దినము అనంత చతుర్దశి. గణపతి నిమజ్జనపు టూరేగింపులు చూచి అలసి నిద్రించుచుంటిమి. మంచము క్రింద నేల గడగడలాడగా, పేటలోని మరమగ్గము లన్నియు ఒక్కసారిగా ఆడనారంభించినవని భ్రమపడితిమి. మా నాయనగారు మాత్రము “మగ్గములు ఆగియే యున్నవి, బయటికి నడువుడు” అని కేకవైచి మమ్మందరను వీధిలోనికి నడిపించిరి. తెల్లవారువరకు ఇరుగుపొరుగువారందరు, ఏ భాషవారైనను, ఏ మతమువారైనను, ఆ వీధిలోనే ఒకచోట కూర్చుండిరి. ప్రొద్దెక్కిన తరువాత వార్తలు వచ్చినవి. లాతూరు జిల్లాలోను, నాటి ఉస్మానాబాదు, నేటి ధారాశివ్ జిల్లాలోను సుమారు పదివేలమంది మరణించిరి. ఊళ్లకు ఊళ్లు రాళ్లగుట్టలైనవి.

ఆ భూకంపము పరిమాణము 6.2 మాత్రమే. ఆరింటికి మించిన పరిమాణముగల కంపములు ప్రపంచమున ఏటా నూరుకు పైగా సంభవించుచునే యుండును. వానిలో అనేకములు ఒక్క ప్రాణమును కూడ తీయకుండ గడచిపోవును. అట్లైనచో కిల్లారిలో అంతటి వినాశనమేల కలిగెను? మా విద్యార్థిని యడిగిన ప్రశ్నకంటె ఈ ప్రశ్నయే ముఖ్యమైనదని మా యభిప్రాయము. అయినను ముందుగా ఆమె ప్రశ్నకే సమాధానము చెప్పుదుము.

ఆదిశేషుడు తల మార్చుకొనుటచే భూమి కంపించునని మన పెద్దలు కథగా చెప్పుచుండిరి. వరాహమిహిరుడు ఆరవ శతాబ్దమున రచించిన బృహత్సంహితలో భూకంపలక్షణములను గూర్చి ఒక అధ్యాయమే కలదు. సముద్రమందలి మహాప్రాణులు కదలుటచే కలుగునని కొందరు, భూభారముచే అలసిన దిగ్గజములు విశ్రమించుటచే కలుగునని కొందరు, వాయువుల సంఘర్షణముచే కలుగునని కొందరు తలచుచున్నారని ఆయన పలువురి మతములను వరుసగా పేర్కొనెను. ఆ సమాధానములు నేడు నిలువకపోవచ్చును గాని, ఒక్క విషయమునకు పలు కారణములను ప్రక్కప్రక్కన పెట్టి చూచు ఆ జిజ్ఞాస మెచ్చదగినది. శాస్త్రము పుట్టునది ఆ జిజ్ఞాసనుండియే.

నేటి శాస్త్రమునకు మన దేశపు భూకంపములే పెద్ద బోధకులైనవి. 1897 జూన్ 12 న అస్సాములో సంభవించిన మహాకంపమును రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు పరిశోధించెను. కంపమునుండి వెలువడు తరంగములు ఒకే విధమైనవి కావనియు, వేగముగా ముందు వచ్చునవి కొన్ని, మెల్లగా వెనుక వచ్చునవి కొన్ని యనియు లేఖనములలో ఆయన గుర్తించెను. 1906 లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరము భూకంపమున నాశనమైన పిమ్మట హ్యారీ ఫీల్డింగ్ రీడ్ అను పండితుడు కంపములకు కారణమును వివరించెను. భూమిపై పొర పెద్దపెద్ద ఫలకములుగా నున్నది. అవి సంవత్సరమునకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున మెల్లగా కదలుచుండును. ఆ కదలికచే శిలలు వంగుచు, బిగియుచు, శక్తిని కూడబెట్టుకొనును. సహించుటకు వీలుకానంత బిగువు కలిగినప్పుడు భ్రంశరేఖ వెంబడి ఒక్కసారిగా జారి, సర్దుకొనును. కూడిన శక్తి తరంగములై నలుదిక్కుల వ్యాపించును. అదియే భూకంపము.

మన దేశము నిలిచియున్న ఫలకము ఉత్తరముగా సాగి ఆసియాఖండమును ఒత్తుచున్నది. హిమాలయములు ఆ ఒత్తిడి ఫలమే. దక్కను పీఠభూమి అంచులకు దూరముగా నుండుటచే ఇది చలింపనిదని చాలకాలము నమ్మిరి. 1967 డిసెంబరు 10 న సతారా జిల్లాలోని కోయనాలో 6.3 పరిమాణముగల కంపము వచ్చి సుమారు 180 మంది మరణించినప్పుడు ఆ నమ్మకము తొలిసారి సడలెను. అక్కడ ఆనకట్ట కట్టి జలాశయమును నింపిన తరువాతనే కంపములు హెచ్చినవి. నీటి బరువును, శిలలలోనికి దిగిన నీటి ఒత్తిడియును అచ్చటి భ్రంశములను కదిలించినవని పరిశోధకులు తేల్చిరి. 1961 లో హైదరాబాదున నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు ఈ పరిశోధనలో పేరెన్నిక గన్నారు. కంపములు పుట్టుచోటును దగ్గరగా పరిశీలించుటకు కోయనా ప్రాంతమున మూడు కిలోమీటర్ల లోతు రంధ్రమును కూడ త్రవ్విరి. ఇక కిల్లారి ప్రాంతము 1993 వరకు దేశపు భూకంపపటములో అన్నిటికంటె తక్కువ అపాయముగల మండలములో చేర్చబడియుండెను. 2002 లో ఆ పటమును సవరించి, దానిని పైమండలమునకు మార్చిరి. పటము మారకముందే ప్రాణములు పోయినవి.

ఇంత తెలిసినవారు కంపము వచ్చు దినమునేల చెప్పలేరు? మన పేటలోని మగ్గమునే ఉపమానముగా చెప్పుదుము. పడుగులో ఒక పోగు అరిగినది. అది తెగునని నేతవారు చూచినంతనే చెప్పగలరు. ఏ పేకకు తెగునో చెప్పగలరా? పోగు కంటి యెదుట నున్నప్పుడే అది సాధ్యము కాదు. కిలోమీటర్ల లోతున, ఎవరు చూడని చోట బిగిసియున్న శిలను గూర్చి చెప్పుట ఇంకెంత కష్టము! ఏ భ్రంశమున అపాయము హెచ్చో, రాబోవు కొన్ని దశాబ్దములలో కంపమునకు ఎంత అవకాశము కలదో శాస్త్రజ్ఞులు అంచనా వేయగలరు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అను మూడింటిని కలిపి చెప్పుట మాత్రము నేటివరకు ఎవరికిని సాధ్యపడలేదు.

ప్రయత్నములు జరుగకపోలేదు. చైనాలోని హైచెంగ్ ప్రాంతమున 1975 ఫిబ్రవరి 4 న మహాకంపము రాకముందు చిరుకంపములు వరుసగా వచ్చుటచే అధికారులు ప్రజలను ఇండ్లు విడిపించి వేలకొలది ప్రాణములు కాపాడిరి. లోకమెల్ల జయజయధ్వానములు చేసినది. మరుసటి సంవత్సరమే, 1976 జూలై 28 న, అదే దేశమున తాంగ్‌షాన్ నగరము ఎట్టి హెచ్చరికయు లేకుండ కూలి 2,40,000 మందికి పైగా మరణించిరి. అమెరికాలోని పార్క్‌ఫీల్డ్ అను చోట సుమారు 22 ఏండ్లకొకసారి ఒకే విధమైన కంపము వచ్చుచుండుట చూచి, 1993 లోపున మరల వచ్చునని చెప్పి, పరికరములతో ఆ నేలనంతయు నింపి కాచుకొని కూర్చుండిరి. అది 2004 సెప్టెంబరు 28 న వచ్చినది. అన్ని పరికరములుండియు, నమ్మదగిన ముందు సూచన యేదియు కానరాలేదు.

మన కిల్లారి సంగతియే చూడుడు. 1992 లోనే అక్కడ చిరుకంపములు వచ్చినవి. ఆ యేడు అక్టోబరు 18 న కొంచెము పెద్ద కంపమే వచ్చి జనులు భయపడిరి. తరువాత నేల శాంతించినట్లు తోచినది. ఏడాది తిరుగకముందే మహాకంపము వచ్చినది. “ముందే తెలిసియు ఏల చెప్పలేదు?” అని నాడు అనేకులు కోపించిరి. ఆ కోపము సహజము. కాని మన రాష్ట్రముననే పాల్ఘర్ జిల్లా డహాణు ప్రాంతమున 2018 నవంబరు నుండి నెలల తరబడి చిరుకంపములు వచ్చినను అవి మహాకంపమునకు దారితీయలేదు. ఒకచోట చిరుకంపము పిలుపు, ఒకచోట వట్టి చప్పుడు. రెండింటికిని భేదము ముందుగా తెలియకున్నది. ఇటలీలోని లాక్విలా పట్టణమున చిరుకంపములు వచ్చుచుండగా, భయపడవలసినది లేదన్న అభిప్రాయము ప్రజలకు కలిగించిరి. 2009 ఏప్రిల్ 6 న పట్టణము కూలి మూడువందలమందికి పైగా మరణించిరి. శాస్త్రజ్ఞులపై అభియోగము నడిచి, 2012 లో శిక్ష పడి, 2014 లో అప్పీలులో వారిపై నేరము కొట్టివేయబడెను. వచ్చునని చెప్పుట ఎంత తప్పో, రాదని ధైర్యము చెప్పుటయు అంతే తప్పు.

కావున “ఈ రాత్రి ఇన్ని గంటలకు భూకంపము రానున్నది” అని చేతిఫోనులలో తిరుగు మాటలను నమ్మవద్దు. నమ్మకపోవుటయే కాదు, మరియొకరికి పంపవద్దు. ఎంత పెద్ద సంస్థ పేరు తగిలించినను అది అబద్ధమే.

అయితే ముందు చెప్పుట వేరు, వెంటనే హెచ్చరించుట వేరు. మెరుపు మెరిసిన కొంతసేపటికి గాని ఉరుము వినబడదు గదా. అట్లే భూకంపమునందును వేగముగా వచ్చు తొలితరంగము అంతగా హాని చేయదు. గోడలను ఊపునది వెనుకవచ్చు తరంగము. పుట్టినచోటికి దగ్గరనున్న యంత్రము తొలితరంగమును పసిగట్టి విద్యుద్వేగముతో దూరపుటూళ్లకు వార్త పంపినచో, కొన్ని సెకండ్లో, ఒక్కొక్కచోట ఒక నిమిషమో వ్యవధి దొరకును. జపానులో 2007 నుండి ఇట్టి హెచ్చరికలు ప్రజలందరికి అందుచున్నవి. 2011 మార్చి 11 న మహాకంపము వచ్చినప్పుడు ఆ దేశపు అతివేగపు షింకాన్సెన్ రైళ్లలో ప్రయాణికులున్నది ఒక్కటియు పట్టాలు తప్పలేదు. మన దేశమున ఉత్తరాఖండ్ రాష్ట్రము 2021 లో ఇట్టి ఏర్పాటును ప్రారంభించినది. ఇది మేలైన పనియే. కాని కంపము పుట్టినచోటనే యున్నవారికి ఆ వ్యవధియు దొరకదు. దొరికినను, బలహీనమైన గోడ సెకండ్లలో బలమైనది కాజాలదు.

ఇక మా రెండవ ప్రశ్నకు వత్తుము. కిల్లారిలో మనుష్యులను చంపినది భూమి కాదు, ఇల్లు. అక్కడి ఇండ్లు మాళ్వదు ఇండ్లు. షోలాపూరు పాతపేటలలో నేటికిని వాని జాడలు కనబడును. రెండుమూడడుగుల మందముగల రాతిగోడ. చూపునకు కోటవలె నుండును. నిజమునకది ఒక గోడ కాదు, రెండు పలుచని గోడలు. లోపలి ముఖమొకటి, వెలుపలి ముఖమొకటి, నడుమ చిల్లరాళ్లును మట్టియును. రెంటిని కలిపి కట్టు రాళ్లు లేవు. పైన దూలములు, చెక్కలు, ఎండ తగులకుండుటకు అడుగు రెండడుగుల మట్టి. వాన కురిసి కారినప్పుడెల్ల మరికొంత మట్టి. చల్లదనమునకు పెట్టిన ఆ బరువే నిద్రించువారిమీద పడినది.

ఇల్లే మృత్యువనుటకు ప్రమాణములెన్నియైనను కలవు. 2010 జనవరి 12 న హైతీ దేశమున 7.0 పరిమాణముగల కంపమున లక్షమందికి మించి మరణించిరి. అదే యేడు ఫిబ్రవరి 27 న చిలీ దేశమున 8.8 పరిమాణముగల కంపము వచ్చినది. శక్తిలో ఇది దానికి సుమారు 500 రెట్లు. అక్కడి మృతులు సుమారు అయిదువందలమంది. చిలీవారు పూర్వపు కంపములనుండి పాఠము నేర్చి, కట్టడపు నియమములు చేసికొని, వానిని పాటించిరి. నియమములు కాగితముపై నున్నంతమాత్రమున చాలదు. టర్కీలో మంచి నియమములుండియు పలుచోట్ల పాటింపకపోవుటచే 2023 ఫిబ్రవరి 6 నాటి కంపములలో ఆ దేశమున 50,000 మందికి పైగా మరణించిరి.

అంతదూర మేల? 1931 లో బలూచిస్తానమున భూకంపము వచ్చిన తరువాత ఎస్. ఎల్. కుమార్ అను యువకుడైన రైల్వే ఇంజనీరు క్వెట్టాలో కంపమును తట్టుకొను రైల్వే నివాసములను కట్టించెను. 1935 మే 31 న క్వెట్టా నగరము నేలమట్టమై వేలకొలది జనులు మరణించినప్పుడు ఆ నివాసములు నిలిచినవి. తొంబది ఏండ్లకు పూర్వమే ఈ ఉపాయము మన ఇంజనీర్లకు తెలియును. తెలిసినది ఇంటింటికి చేరకపోవుటయే మన దౌర్భాగ్యము.

ఆ ఉపాయము నేతవారి బిడ్డలకు సులభముగా బోధపడును. విడివిడి పోగులకు బలము లేదు. పడుగును పేకయు కలిసినప్పుడే అది వస్త్రమగును. గోడయు అంతే. ఈ ముఖమునుండి ఆ ముఖమువరకు అందు పొడుగురాళ్లను నడుమ నడుమ వేసినచో రెండు ముఖములు ఒకటగును. పునాదిమీదను, తలుపులు కిటికీల పైనను, కప్పు క్రిందను ఇనుపకడ్డీలతో కాంక్రీటు పట్టెను ఇల్లు చుట్టు తెగకుండ త్రిప్పినచో నాలుగు గోడలు ఒక్క పెట్టెవలె కదలును. మూలలయందు కడ్డీలు నిలువుగా నిలుపవలెను. కప్పుమీది బరువు తగ్గింపవలెను. స్తంభములపై కట్టు మేడలలో స్తంభపు ఇనుమును చుట్టు రింగుల కొనలను లోపలికి వంచవలెను. క్రింది అంతస్తును గోడలు లేకుండ వట్టి స్తంభములపై నిలుపుట అపాయకరము. 2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపమున, అధికేంద్రమునకు రెండువందల కిలోమీటర్లకు పైగా దూరముననున్న అహమ్మదాబాదులో కొత్త మేడలు కూలుటకు ఇదియొక ముఖ్యకారణము.

ఆ వార్త వచ్చునాటికి మేము పొరుగురాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుంటిమి. గణతంత్రదినమున జెండా ఎగురవైచి మిఠాయిలు పంచుకొనుచుండగా వార్త తెలిసినది. ఉత్సవములో పాల్గొన్న బాలలు కూడ మరణించిరని తరువాత విని చాలసేపు మాటాడలేకపోయితిమి. ఇంతటి అనుభవముండియు, కొన్నేండ్ల క్రిందట మా ఇంటికి పై అంతస్తు వేయించునప్పుడు, “ఈ చిన్న గదికి చుట్టు పట్టె యెందుకు, కిటికీలపైన మాత్రము వేసిన చాలును” అని మేస్త్రి యనగా, డబ్బు మిగులునని మేము తలయూపితిమి. తప్పు మేస్త్రిది కాదు, మాది. తరువాత తెలిసినవారిచేత చూపించి, మూలలకు ఇనుపకట్టు వేయించితిమి. మొదట వేసిన పట్టెకు అయ్యెడిదానికంటె మిక్కిలి ఎక్కువ వ్యయమైనది.

“ఎన్నడో వచ్చెడిదానికి నేడు డబ్బు పోయవలెనా?” అని కొందరందురు. ఇల్లు ఒకనాటికి కట్టునది కాదు, రెండు తరములకు కట్టునది. కొత్తగా కట్టునప్పుడే జాగ్రత్తపడినచో హెచ్చగు ఖర్చు కొలదియే. “పాత ఇంటిలో నుండు బీదలమేమి చేయగలము?” అని మరికొందరందురు. ఈ మాటలో న్యాయమున్నది. వీరికి ప్రభుత్వము తోడ్పడవలసినదే. కిల్లారి కంపము తరువాత 52 గ్రామములను వేరుచోట్ల కట్టి యిచ్చుటయే గాక, చుట్టుప్రక్కల జిల్లాలలో లక్షకు పైగా పాత ఇండ్లను ఉన్నచోటనే బాగుచేయించిరి. చేయదలచినచో చేయవచ్చునని అది నిరూపించినది. కూలిన తరువాత చేసిన పనిని కూలకముందు చేయుమని అడుగుట తప్పగునా? రాయిని చూచి భయపడి దానిని వదలివేయనక్కరలేదు. దోషము రాతిది కాదు, కట్టినవిధానముది.

ఈ మాటలు తెలుగు పంతులు ఏల చెప్పవలెనని కొందరికి తోచవచ్చును. ప్రభుత్వపు సూచనలు మరాఠీలోను, ఇంగ్లీషులోను వచ్చును. మన పేటలలోని అవ్వలకు, తాతలకు ఆ కాగితములు చేరవు. వదంతి మాత్రము తెలుగులోనే చేరును. వదంతి మాతృభాషలోను, సత్యము పరభాషలోను వచ్చినచో ఏది గెలుచునో చెప్పనక్కరలేదు. మూడు భాషలు చదువగలవారు మా విద్యార్థులే. సత్యమును ఇంటిభాషలోనికి తెచ్చుట వారి ధర్మము. తెలుగుబడి యెందుకని అడుగువారికి ఇదియొక సమాధానము.

చివరకు మా బడిని గూర్చి కూడ ఒక మాట. మా వరండా చివరనున్న ఇనుపజాలితలుపునకు బడివేళలందు తాళము వేసియుండును. గ్రంథాలయపు బీరువాలు గోడకు బిగింపబడలేదు. పాతగదుల గోడలను ఏ ఇంజనీరును పరీక్షించినట్లు మేమెరుగము. వార్షికోత్సవపు అలంకారములకంటె ముందు ఈ మూడు పనులు జరుగవలెనని యాజమాన్యమువారిని సవినయముగా కోరుచున్నాము. సంవత్సరమునకు రెండుసార్లైనను, నేల కదలినప్పుడు బల్లక్రింద దూరి తల కాచుకొనుట, మెట్లమీద త్రొక్కిసలాడకుండుట, కదలిక ఆగినపిమ్మట వరుసగా మైదానమునకు వెళ్లుట అభ్యాసము చేయింపవలెను.

అమ్మాయీ, నీ ప్రశ్నకు సమాధానమిది. భూకంపము వచ్చు దినమును ఎవరును చెప్పలేరు. వచ్చిన దినమున ఏ గోడ కూలునో మాత్రము నేడే చెప్పవచ్చును. నేడు సాయంకాలము ఇంటికి వెళ్లి మీ గోడలను ఒక్కసారి చూడుము. చూచినది మీ నాయనగారికి తెలుగులో చెప్పుము. నేల కదలుట మన చేతిలో లేదు. గోడ నిలుచుట చాలవరకు మన చేతిలోనే యున్నది.